ఒలీవియా నటన మానేసిందంటే నేను ఒప్పుకోను

నిన్న రాత్రి హెడ్‌ఫోన్స్ పెట్టుకుని అమెరికన్ సింగర్ ఒలీవియా రోడ్రిగో పాట 'డ్రైవర్స్ లైసెన్స్' మళ్ళీ విన్నా, ఎన్నోసారో లెక్కే లేదు. మొదట్లో కారు స్టార్ట్ అయిన చప్పుడు, వెంటనే డోర్ తెరిచి ఉంటే మోగే ఆ బీప్ వస్తుంది కదా, అది నిజంగా వాళ్ళమ్మ కారుదేనట. ఆ బీపే మెల్లగా పియానో నోట్‌గా మారిపోతుంది, కారు ఎక్కడ ఆగిందో పాట ఎక్కడ మొదలైందో పట్టుకోలేం, ఇంకా ఒక్క మాట కూడా పాడకముందే మనల్ని తీసుకెళ్ళి తన పక్క సీట్లో కూర్చోబెట్టేస్తుంది. సినిమాలో మొదటి షాట్ చేసే పని అది.

అందుకే ఒలీవియా రోడ్రిగో యాక్టింగ్ వదిలేసి సింగర్ అయిపోయింది అని ఎవరైనా అంటే నాకు మనసొప్పదు. 2003 ఫిబ్రవరిలో కాలిఫోర్నియాలో పుట్టింది, నాన్న వైపు వాళ్ళది ఫిలిప్పీన్స్ మూలం. బడికెళ్ళే తొలి రోజుల నుంచే పాట నేర్చుకుంది, తర్వాత పియానో. 2016లో డిస్నీ ఛానెల్‌లో 'బిజార్డ్‌వార్క్' సీరియల్లో పెయిజ్ పాత్ర వచ్చింది, ఇద్దరమ్మాయిలు ఫన్నీ పాటలు చేసి వీడియోలు పెట్టే కథ. ఆ పాత్ర కోసం గిటార్ నేర్చుకుంది. అంటే చూడండి, తర్వాత తన పాటలకి పనికొచ్చిన గిటార్ కూడా నటన పుణ్యమే.

నాకు అసలు మలుపు అనిపించేది మాత్రం 2019లో వచ్చిన హైస్కూల్ మ్యూజికల్ సిరీస్. అందులో తనది నీనీ అనే పాత్ర, ఆ సిరీస్ క్రియేటర్ టిమ్ ఫెడర్లీ నీనీ కోసం నువ్వే ఒక పాట రాయమని అడిగితే 'ఆల్ ఐ వాంట్' రాసింది. ఇక్కడ కాస్త ఆగాలి. డైరీలో మన బాధ రాసుకోవడం వేరు, ఒక పాత్ర ఆ సీన్లో ఏం చెప్తుంది, ఎక్కడ గొంతు పూడుకుపోతుంది అని ఆలోచించి రాయడం వేరు. టీనేజ్‌లోనే ఆ రెండో పని చేసింది. ఆ పాట అమెరికాలో హిట్ పాటలకి ర్యాంకులిచ్చే బిల్‌బోర్డ్ హాట్ 100 చార్ట్‌లో 90వ నంబర్ దాకా వెళ్ళింది, కింది ర్యాంకే అనిపిస్తుంది గానీ చార్ట్‌లో తన పేరు కనిపించడం అదే మొదటిసారి.

2020లో మ్యూజిక్ కంపెనీతో సైన్ చేసేటప్పుడు, నువ్వు పెద్ద స్టార్ అవుతావు అన్నవాళ్ళ వైపు కాకుండా నీ రాత బాగుంది అన్నవాళ్ళ వైపు వెళ్ళానని తనే చెప్పింది. ఆ వయసులో ఆ తేడా పట్టుకుందంటే నాకు భలే గౌరవం. ఇన్‌స్టాగ్రామ్‌లో పెట్టిన చిన్న పాట ముక్క విని డాన్ నైగ్రో అనే ప్రొడ్యూసర్ మెసేజ్ చేయడం, ఇద్దరూ కలిసి పని మొదలెట్టడం కూడా ఆ ఏడాదే.

2021 జనవరి 8న 'డ్రైవర్స్ లైసెన్స్' వచ్చింది, వస్తూనే హాట్ 100లో నంబర్ వన్, ఎనిమిది వారాలు అక్కడే. అప్పటికి తనకి 17 ఏళ్ళు. మొదట్లో పక్కనున్న ఫ్రెండ్‌కి చెప్తున్నట్టు కింది గొంతుతో పాడుతుంది, బ్రిడ్జ్ దగ్గరికి, అంటే పాట చివర్లో ట్యూన్ మారే చోటికి వచ్చేసరికి తన గొంతే పది మందిలా మన మీదికొచ్చేస్తుంది, మళ్ళీ అంతా ఖాళీ అయిపోయి ఒక్కతే మిగుల్తుంది. మాటలు అర్థం కాకపోయినా ఆ ఒంటరితనం తెలుస్తుంది. ఇది నటన కాకపోతే ఇంకేంటి చెప్పండి?

మేలో 'సవర్' ఆల్బమ్, తర్వాతి ఏడాది మూడు గ్రామీలు, అవన్నీ అందరికీ తెలిసినవే. ఆ మధ్యలో తన పాట ఒకటి పారామోర్ అనే రాక్ బ్యాండ్ పాటలా ఉందని గొడవ నడిచింది, చివరికి ఆ బ్యాండ్ పాట రాసిన ఇద్దరి పేర్లూ రైటింగ్ క్రెడిట్స్‌లో చేర్చారు. క్రెడిట్ ఇవ్వడం మంచి పనే, కానీ అది పట్టుకుని తనకసలు రాయడమే రాదన్నట్టు మాట్లాడినవాళ్ళని చూస్తే ఇప్పటికీ బాధేస్తుంది. విన్న పాటల ఛాయ లేకుండా ఎవరైనా రాయడం మొదలుపెట్టగలరా?

2023 సెప్టెంబర్‌లో వచ్చిన 'గట్స్' నాకు ఇంకా ఇష్టం, ఎందుకంటే అందులో కోపం ఉంది, వెక్కిరింత ఉంది, తన మీద తనకే చిరాకు ఉంది. ఒకే ఏడుపు మొహంతో సరిపెట్టుకోలేదు. 'వాంపైర్' వినండి, నెమ్మదిగా పియానోతో మొదలై పోను పోను పరుగెత్తి చివరికి డ్రమ్స్ విరుచుకుపడతాయి, మూడు సీన్లు చూసినట్టుంటుంది.

ఆ ఆల్బమ్ టూర్లో భాగంగా 2024 అక్టోబర్ 5న మనీలా దగ్గరున్న ఫిలిప్పీన్ అరీనాలో పాడింది. ముత్తాత టీనేజ్‌లో వదిలి వచ్చిన దేశం అది. టికెట్లన్నీ ఒకటే రేటు, 1500 పెసోలు, వచ్చిన లాభం అక్కడి ఆడవాళ్ళ ఆరోగ్యం కోసం పనిచేసే జపైగో సంస్థకి ఇచ్చేసింది. ఆ వీడియోల్లో జనం తనకంటే గట్టిగా పాడుతుంటే మైక్ దించి వింటూ నిలబడే మొహం చూడండి ఒకసారి, నేనైతే వెనక్కి జరిపి జరిపి చూశా.

ఇక నాకున్న కోరిక ఒక్కటే, మళ్ళీ కెమెరా ముందుకి రావాలి, ఈసారి ఎవరో రాసిచ్చిన నీనీ కాకుండా తనే రాసుకున్న అమ్మాయిగా.