స్టైన్‌హౌసెన్ చర్చిలో గోడ ఎక్కడ ఆగింది?

దక్షిణ జర్మనీలో బాడ్ షుస్సెన్‌రీడ్ పక్కనే స్టైన్‌హౌసెన్ అనే చిన్న పల్లె. అక్కడి పీటర్, పాల్ చర్చిని ప్రపంచంలోకెల్లా అందమైన పల్లె చర్చి అంటారు. ఆ మాటలో అతిశయం ఉన్నా, లోపల నిలబడ్డాక కాదనడం కష్టం. 1728లో పని మొదలై 1733లో ప్రతిష్ఠ జరిగింది. కట్టించింది షుస్సెన్‌రీడ్ మఠం. తొమ్మిది వేల గుల్డెన్ల (అప్పటి నాణేలు) అంచనా నలభై వేలు దాటిపోవడంతో మఠాధిపతి డిడాకుస్ స్ట్రోబెలె పదవి వదులుకోవాల్సి వచ్చింది.

కట్టిన మేస్త్రీ డొమినికుస్ జిమ్మర్‌మన్, పైకప్పు చిత్రించినవాడు అతని అన్న యోహాన్ బాప్టిస్ట్. ఇద్దరిదీ గచ్చుపనికి, అంటే గచ్చుతో ఉబ్బెత్తు అలంకారాలు దిద్దే పనికి (స్టక్కో), పేరుపడ్డ వెస్సోబ్రున్ ప్రాంతం. ఇద్దరికీ గచ్చుపని చేతనవును. ఈ చర్చి గుట్టంతా ఇక్కడే ఉందని నా నమ్మకం.

లోపలి భాగం కోడిగుడ్డు ఆకారం. చుట్టూ 10 స్తంభాలు, వాటి వెనక నడవా, ఆ వెనక కిటికీలున్న బయటి గోడ. అందువల్ల వెలుతురు స్తంభాల వెనక నుంచి వస్తుంది. పైన మేరీమాత స్వర్గారోహణం, అంచు వెంబడి నాలుగు ఖండాల మనుషులు, ఒకచోట ఏదెను తోట. గచ్చుతో చేసిన పక్షులూ పురుగులూ కిటికీల దగ్గర వాలి ఉంటాయి. గచ్చు ఎక్కడ ఆగి రంగు ఎక్కడ మొదలైందో కన్ను వెంటనే పట్టుకోలేదు.

పైకప్పు మీది బొమ్మ ఫ్రెస్కో, అంటే తడి సున్నపు పూత మీద వేసే చిత్రం. దానికి ఆ రోజు గీయగలిగినంత మేరే పూత వేస్తారు. సున్నం గాలిలోని కార్బన్ డయాక్సైడును పీల్చుకుని గట్టిపడేటప్పుడు రంగుపొడిని తనలో బంధిస్తుంది. మర్నాటి పూతకు అతుకు తప్పదు. అందుకే దాన్ని బొమ్మ అంచు వెంబడి కోసి దాచేస్తారు. సున్నాన్ని తట్టుకునేవి ప్రధానంగా మట్టిరంగులు. ఆరాక జిగురుతో దిద్దిన రంగులు ముందుగా రాలిపోతాయి.

గచ్చులో సున్నం, ఇసుక, జిప్సం కలుపుతారు. జిప్సం నిమిషాల్లో బిగుసుకుంటుంది, చేత్తో ఆకులూ రెక్కలూ దిద్దే వ్యవధి ఇవ్వదు. అందుకని జంతు చర్మాల జిగురు కలిపిన నీళ్లు పోసి ఆ బిగుసుకోవడాన్ని నెమ్మదింపజేస్తారు. జిగురు ఎక్కువైతే సరిగా గట్టిపడదు. ముందుకు చొచ్చుకొచ్చిన భాగాలకు లోపల ఇనుప మేకులు, తీగలు ఉంటాయి. తేమ తగిలితే ఇనుము తుప్పుపట్టి ఉబ్బి, పైనున్న గచ్చును పగలగొడుతుంది.

ఇలాంటి చర్చిలను పాడుచేసేది ముఖ్యంగా నీరే. పైకప్పు కారితే నీటిలో కరిగిన లవణాలు పూత దగ్గరికొచ్చి, ఆరాక స్ఫటికాలై, రంగును వెనకనుంచి తోసేస్తాయి. చలికాలంలో హడావుడిగా వేడిచేసినా చల్లని పైకప్పు మీద తేమ కడుతుంది, దానికి మసి అంటుకుంటుంది. సిమెంటుతో అతుకులు వేయడం మరీ ప్రమాదం. అది సున్నంకన్నా గట్టిది, తేమను బయటికి పోనివ్వదు, పైగా కొత్త లవణాలు తెస్తుంది. కప్పు కారడం ఆగేదాకా బొమ్మ మీద చెయ్యి వేయకూడదు.

వెళ్లేవాళ్లు ఎండ ఏటవాలుగా పడే వేళ చూసుకుని బైనాక్యులర్స్ తీసుకెళ్లండి. బొమ్మల అంచుల వెంట సన్నని గట్టులా ఏమైనా కనిపిస్తే, అది ఒక రోజు పనికీ మర్నాటి పనికీ మధ్య అతుకు కావచ్చు.