చెప్పుల లెక్క

పోయిన నెల మా చర్చి సంఘంలో యూత్ పిల్లలు ఒక ఫారం పంచారు. నలభై ప్రశ్నలు. ఒక్కోదానికి ‘ఎప్పుడూ’, ‘అప్పుడప్పుడు’, ‘ఎన్నడూ లేదు’ అని మూడు గళ్లు. టిక్కులన్నీ కూడితే దేవుడు మనకిచ్చిన కృపావరం ఏదో తేలిపోతుందట. నాకు ‘ప్రభుత్వములు’ అని తేలింది. ఇంటికొచ్చి చెబితే మా ఆవిడ వంకాయలు తరుగుతూ తలైనా ఎత్తకుండా, “ఇంట్లో టీవీ రిమోటే మీ చేతిలో ఉండదు, మీకు ప్రభుత్వమా!” అంది.

బైబిల్లో, పౌలు కొరింథు ఊరి సంఘానికి రాసిన మొదటి ఉత్తరం, అదే మొదటి కొరింథీ పత్రిక, 12వ అధ్యాయం 28వ వచనంలో ఉంది ఆ మాట. అపొస్తలులు, ప్రవక్తలు, బోధకులు అయిపోయాక, అద్భుతాలూ స్వస్థతలూ అయిపోయాక, నానా భాషలకు సరిగ్గా ముందు ‘ఉపకారములు’, ‘ప్రభుత్వములు’ అని పక్కపక్కనే రెండు మాటలు. ఈ అరవై మూడేళ్లలో వీటి మీద ఒక్క ప్రసంగం విన్న గుర్తు లేదు నాకు. ఆత్మావేశంలో తెలియని భాషల్లో మాట్లాడే ఆ భాషల వరం మీదైతే మూడేసి రోజుల ఉపవాస కూడికలే జరిగాయి. అదే పత్రిక 14వ అధ్యాయంలో భాషలతో మాట్లాడేవాళ్లు ఇద్దరు, మహా అయితే ముగ్గురు, అదీ ఒకరి తర్వాత ఒకరు మాట్లాడాలనీ, అర్థం చెప్పేవాడు లేకపోతే ఊరుకోవాలనీ రాసి ఉంది. ఆ కూడికల్లో ఆ వచనాలు మాత్రం ఎవరూ చదవలేదు.

మా పాస్టరు అయ్యగారిని అడిగాను, ప్రభుత్వమంటే ఏమిటండీ అని. ఆయన నవ్వి, “మీకు నేను చెప్పాలా? గ్రీకులో అది కుబెర్నేసిస్. చుక్కాని పట్టడం” అన్నారు. అపొస్తలుల కార్యములు 27లో పౌలు ఎక్కిన ఓడను నడిపే నావికుడికి వాడిన మాట కూడా ఆ కుదురులోదేనట.

నేను విశాఖ పోర్టులో, పెద్ద ఓడల్ని నెట్టి లాగే టగ్గు బోటు మీద ముప్పై ఒక్క ఏళ్లు పనిచేసినవాణ్ణి. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. కొరింథు కూడా రేవు ఊరే కదా! తూర్పున కెంక్రేయ, పడమర లెకయము, రెండు రేవులు దానికి. ఓడలు వచ్చీ పోయే ఊరివాళ్లకు పౌలు ఆ మాట రాస్తే వాళ్లకు వేరే వివరం అక్కర్లేకపోయి ఉంటుంది.

చుక్కాని సంగతి తెలియనివాళ్లకు మా దగ్గర ఓడ లోపలికెలా వస్తుందో చెప్పాలి. ఎంత పెద్ద ఓడైనా బయట సముద్రంలో ఆగుతుంది. పోర్టు పైలట్ చిన్న బోటు మీద వెళ్లి, ఓడ పక్కన వేలాడే తాళ్ల నిచ్చెన పట్టుకుని ఎక్కుతాడు. ఓడ అతనిది కాదు, సరుకు అతనిది కాదు, కెప్టెన్ కెప్టెన్‌గానే ఉంటాడు. యారాడ కొండకీ రాస్ హిల్‌కీ మధ్య ఆ ఇరుకు కాలవలో ఎక్కడ లోతుంది, గాలి ఎటు తోస్తుంది అన్నది అతనికి తెలుసు. చక్రం పట్టుకున్నవాడికి ఎటు తిప్పాలో, మా టగ్గులకు ఎటు నెట్టాలో చెబుతాడు. ఓడ బెర్తుకి కట్టేశాక దిగిపోతాడు. దిగేటప్పుడు చప్పట్లు కొట్టేవాళ్లెవరూ ఉండరు.

నేనేమో తొమ్మిదేళ్లు సంఘానికి సెక్రటరీగా చేసి, నన్ను నేను కెప్టెన్ అనుకున్నాను. సెమీ క్రిస్మస్ కరపత్రంలో నా పేరు అడుగున వేశారని రెండు వారాలు మూతి ముడుచుకుని కూర్చున్న ఘనత నాది.

ఫారం ఇవ్వనిది మా సంఘంలో ఒక్కరికే. ఆవిడకు చదువు రాదు. అందరం పెద్దమ్మ అంటాం. గుమ్మం పక్కన, చెప్పులు విడిచే చోట ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని కూర్చుంటుంది. లోపల ఫ్యాన్ కింద చోటుంది రమ్మన్నా రాదు. గాలి కోసం అనుకునేవాణ్ణి. ఆవిడ అక్కడ చెప్పులు చూస్తుంది. ఎవరివి వచ్చాయి, ఎవరివి రాలేదు, ఎవరివి తెగిపోతే పిన్నీసు పెట్టుకుని వచ్చారు. సోమవారం పొద్దున్నే షేర్ ఆటో ఎక్కి, రాని చెప్పుల ఇళ్లకు పోతుంది.

ఈ సంగతి నాకు హుద్‌హుద్ తుఫాను అప్పుడు తెలిసింది. 2014 అక్టోబర్ 12, ఆదివారం. ఆరాధన లేదు, చర్చి రేకులూ లేవు. కరెంటు పోయింది, ఫోన్లు పోయాయి. నా దగ్గరున్న సంఘం రిజిస్టర్ తడిసి ముద్దయింది. పొడిగా ఉన్నా ఒరిగేదేం లేదు, అందులో ఉన్నవి చందాల లెక్కలే. మంగళవారం పొద్దున పెద్దమ్మ తల మీద తువ్వాలు వేసుకుని మా గుమ్మంలో నిలబడింది. “బాబూ, బియ్యం మూట ఎత్తుకో. పద.”

మల్కాపురం నుంచి శ్రీహరిపురం దాకా పడిపోయిన చెట్ల మీంచి ఎక్కుతూ దిగుతూ నడిచాం. ఆవిడకు డోర్ నంబర్లు తెలియవు. ఏ సందులో ఇన్సులిన్ పొడిపించుకునే ముసలాయన ఉన్నాడో, ఏ ఇంట్లో నెల నిండని బిడ్డ ఉందో, ఎవరిది తాటాకు కప్పో తెలుసు. “ఇక్కడ ఆగకు, వీళ్లకి అన్నదమ్ములున్నారు. ముందా చివరింటికి పద” అనేది. నేను మూట మోశాను. ఆ రెండు రోజులూ చుక్కాని ఎవరి చేతిలో ఉందన్నది అప్పుడు నాకు తట్టనే లేదు.

పోయిన ఆదివారం ఆరాధన అయ్యాక ఒక ఫారం తీసుకుని ఆవిడ కుర్చీ పక్కన మెట్టు మీద కూర్చున్నాను. నేను చదువుతాను, నువ్వు చెప్పు, టిక్కు నేను పెడతాను అన్నాను.

“ఇతరులకు సహాయం చేయడంలో మీరు ఆనందం పొందుతారా?”

“ఆనందమేటి బాబూ, మోకాళ్లు నొప్పి.”

రోమా పత్రికలో కరుణించేవాడు సంతోషంతో చేయాలని ఉంది పెద్దమ్మా అన్నాను, పెద్ద పండితుడిలాగ. “నొప్పి ఉంటే సంతోషం ఉండకూడదేటి?” అంది. ఏ గడిలో టిక్కు పెట్టాలో తెలియక వదిలేశాను.

పన్నెండో ప్రశ్న దగ్గర ఆవిడ వినడం మానేసింది. గుమ్మం ముందు మిగిలిన నాలుగు జతలకేసి చూస్తోంది.

“ఆ బులుగు చెప్పుల పిల్ల రెండు వారాలై రావట్లేదు. నువ్వు చూశావా?”

ఏ పిల్లో కూడా నాకు తెలియదు. ఫారం మడిచి జేబులో పెట్టుకున్నాను. “రేపు పొద్దున్న ఆటోకి ఎన్నింటికి పోతావు?” అని అడిగితే, “ఏడింటికి. నీళ్ల సీసా తెచ్చుకో” అంది.