మెత్తని పాళీ కోసం నాంపల్లిలో దిగితే

రాజమండ్రి వాళ్ళు పెన్ను కొనడానికి హైదరాబాద్ వెళ్ళడమేమిటని అడిగేవాళ్ళకి ముందే జవాబు చెప్పేస్తాను. ఎబొనైట్ అనే గట్టి రబ్బరు కడ్డీని లేతు మీద తిప్పి పెన్ను తీయడంలో మా ఊరికి ఎవరూ పాఠం చెప్పక్కర్లేదు. 1932 నుంచీ ఉన్న రత్నం పెన్నులు, 1935 జులైలో గాంధీగారు మెచ్చుకుంటూ రాసిన ఉత్తరం, ఇవన్నీ మాకు కంఠోపాఠం. కానీ ఈసారి కావలసింది పెన్ను ఒళ్ళు కాదు, పాళీ. ఒత్తితే విచ్చుకుని లావుగా, వదిలితే మూసుకుని సన్నగా గీసే ఫ్లెక్స్ పాళీ. అందులోనూ బంగారపువి నాలుగు రకాలు పక్కపక్కన పెట్టుకుని రాసి చూడాలంటే మా ఊళ్ళో కుదరదు. బొమ్మ చూసి ఆన్‌లైన్‌లో తెప్పించుకునే వస్తువు కాదిది. ఒకే కంపెనీ, ఒకే మోడల్, అయినా రెండు పాళీలు రెండు రకాలుగా రాస్తాయి.

గోదావరి ఎక్స్‌ప్రెస్‌తో చిక్కల్లా నాంపల్లిలో పొద్దున్నే దించేయడం. ఆబిడ్స్‌లో పెన్నుల దుకాణాలు పదిన్నర, పదకొండుకి గానీ షట్టరెత్తవు. ఇరానీ చాయ్‌ని ఎంత మెల్లగా తాగినా అన్ని గంటలు సాగదు. ఇక ఆదివారం పెట్టుకున్నారో, అసలుకే మోసం. ఆ రోజు ఆబిడ్స్‌లో షాపులు మూసేసి, వాటి ముందు ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు పరుస్తారు. పుస్తకాలకైతే ఆదివారం, పెన్నులకైతే శనివారం. సంచిలో మూడు వస్తువులు తప్పకుండా ఉండాలి: పదింతలు పెద్దగా చూపించే లూప్, రోజూ రాసుకునే నోటుబుక్కు, ఒక మెత్తని గుడ్డ. నోటుబుక్కు ఎందుకో తర్వాత చెప్తాను.

ఆబిడ్స్ అంటే పెన్నుల వాళ్ళకి మొదట గుర్తొచ్చేది 1928 నాటి దక్కన్ పెన్ స్టోర్స్. ఆ చుట్టుపక్కల ఇంకా చిన్నాచితకా కొట్లున్నాయి. అలాంటి ఒక పాత కౌంటర్ దగ్గరే నాకు మధ్యాహ్నం దాకా గడిచిపోయింది. ఇక్కడ దొరికేవి ఎక్కువగా స్టీలు పాళీలు. స్టీలంటే చులకన అక్కర్లేదు. పాళీ ఎంత విచ్చుకుంటుందన్నది ముఖ్యంగా పాయల (మొన దగ్గర చీలికకి అటూ ఇటూ ఉండే రెండు సగాల) పొడుగు, రేకు మందం, భుజాల దగ్గర ఎంత కోసి తీశారు అన్నవాటి మీద ఉంటుంది. బంగారం వల్ల కచ్చితంగా వచ్చే లాభం సిరాకి తుప్పు పట్టకపోవడం. 14 కేరట్లంటే 58.5 శాతం బంగారం, 18 అంటే 75 శాతం. ఎక్కువ కేరట్లు ఎక్కువ మెత్తన కదా అని 18 వైపు ఎగబడతారు గానీ, వంగి మళ్ళీ యథాస్థానానికి వచ్చే గుణం మామూలుగా 14లోనే బాగుంటుంది. 18 కేరట్ల పాళీని మితిమీరి ఒత్తితే వంగిన చోటే ఉండిపోయే ప్రమాదం ఎక్కువ.

చవకగా సరదా తీర్చుకోవాలంటే ఎబొనైట్ పెన్నులో కామిక్ బొమ్మలు గీసే జీబ్రా జీ పాళీ దోపుకునేవాళ్ళున్నారు. విచ్చుకోవడంలో దానికి ఇప్పటి బంగారు పాళీలు సాటి రావు. కాకపోతే అది ముంచి రాసి, కడిగి, తుడిచి పెట్టాల్సిన పాళీ. పెన్నులో రోజుల తరబడి సిరాలో నానితే తుప్పు పడుతుంది, ఆ తుప్పు వెళ్ళి పాళీ కింద ఉండి సిరా అందించే ఫీడ్ కాలువలో కూర్చుంటుంది. పాళీ వెల తక్కువే, ఫీడ్ శుభ్రం చేసుకోవడమే పెద్ద పని.

కౌంటర్ వెనకున్న పెద్దాయన నేను స్టీలు ఫ్లెక్స్ పాళీని బొటనవేలి గోరు మీద ఆనించి ఒత్తడం చూసి, "గట్ల ఒత్తకున్రి సార్, ఒక్కపారి నోరు తెరిస్తే మల్ల మూసుకోదు" అన్నాడు. "ఒత్తట్లేదండి, చూస్తున్నానంతే" అన్నాను. నిజానికి ఈ గోరు పరీక్ష చెయ్యాల్సిందే, కాకపోతే పద్ధతిగా. సిరా లేకుండా, పాళీ మొన గోరు మీద ఆనించి, మామూలుగా రాసే వాలులో మెల్లగా బరువు వెయ్యాలి. రెండు పాయలూ ఒకే వేగంతో విడిపోవాలి. ఒకటి ముందు కదిలి రెండోది బిగుసుకుని ఉంటే చీలిక నడిమధ్యన లేదన్నమాట, అది ఎప్పటికీ ఒక పక్కే గీరుతుంది. మొన వెడల్పు మూడింతలైతే చాలు, అక్కడ ఆపెయ్యాలి. వదలగానే మొన పూర్తిగా కలవాలి. సందులోంచి వెలుతురు కనిపించిందంటే ఎవరో మనకన్నా ముందు బలంగా ఒత్తేశారని అర్థం. దుకాణంలో అందరూ ముట్టుకునే డెమో పెన్నుల్లో ఇది మామూలే. అందుకని డెమోతో రాసి చూసినా, కొనేది మాత్రం పెట్టెలోంచి కొత్తది తీయించుకుని లూప్ పెట్టి చూడాలి.

లూప్‌లో చూసేటప్పుడు మొన ఒక్కటే చూసి వదిలేస్తారు చాలామంది. పాళీ మధ్యన గాలి రంధ్రం ఉంటుందే, దాని అంచు దగ్గర వెంట్రుకవాసి పగులు ఉందేమో చూడాలి. ఒత్తిడి పేరుకునేది అక్కడే. పాత వాటర్‌మన్, స్వాన్ పాళీలు తరచూ చచ్చిపోయేది అక్కడే. జుమ్మేరాత్ బజార్‌లోనో, ఎర్రగడ్డలోనో పాత పెన్ను దొరికిందని మురిసిపోయేవాళ్ళు ఈ పగులూ, మొన మీది గట్టి లోహపు చుక్క అరిగిపోయిందా లేదా అన్నదీ చూడకుండా డబ్బులివ్వకండి. సిరా పీల్చడానికి పెన్ను పక్కనుండే లీవర్ బిగుసుకుపోయి ఉంటే బలవంతంగా లేపొద్దు. లోపలి రబ్బరు సంచి ఎండి రాయిలా అయి ఉంటుంది, లీవరో లోపలి పట్టీయో విరుగుతుంది. సంచి మార్చడం తేలికే, విరిగిన లీవరు దొరకడమే కష్టం.

మధ్యాహ్నం నాంపల్లిలో మెట్రో ఎక్కి, అమీర్‌పేటలో నీలం లైనుకి మారి హైటెక్ సిటీ వైపు వెళ్ళాను. మెట్రో బాగుంది, స్టేషన్ నుంచి మాల్ దాకా ఆటోవాడు అడిగిన డబ్బులే బాగాలేవు. మా ఊళ్ళో ఆ డబ్బుతో ధవళేశ్వరం వెళ్ళి రావచ్చు. ఇక మాల్‌లో దుకాణం సంగతి. ఆ గాజు బల్లలు, తోలు ప్యాడ్, చల్లగాలి చూస్తే పెన్ను అడగడానికే మొహమాటం వేస్తుంది. అక్కడి కుర్రాడు మర్యాదస్తుడే. కానీ "ఇది ఫుల్ ఫ్లెక్స్ సర్" అంటూ పాళీ మీద ఎస్ఎఫ్ అని ఉన్న పైలట్ ఫాల్కన్ చేతిలో పెట్టాడు. ఎస్ఎఫ్ అంటే సాఫ్ట్ ఫైన్. సాఫ్ట్ వేరు, ఫ్లెక్స్ వేరు. సాఫ్ట్ పాళీ చేతికి మెత్తగా దిగుతుంది, గీత కాస్తంత లావెక్కుతుంది, అంతే. వీడియోల్లో చూసే తీగల్లాంటి రాతని ఆశించి దాన్ని ఒత్తితే పాడయ్యేది పాళీయే. పైగా "వారంటీ ఉంది సర్" అంటాడు. అలా అన్నప్పుడు, ఒత్తి వంగిన పాళీకి కూడా వర్తిస్తుందా అని అడిగి కాగితం మీద చూపించమనాలి. నేను అడిగితే ఆ కుర్రాడు లోపలికి వెళ్ళి కనుక్కుని వచ్చి, మాట మార్చాడు.

మాల్ దుకాణాల్లో రాయించే పద్ధతి ఒకటుంది. సీసాలో పాళీ ముంచి ఇస్తారు, మందపాటి నున్నటి ప్యాడ్ మీద ఎనిమిది అంకెని పడుకోబెట్టి నాలుగుసార్లు తిప్పమంటారు, ఆహా అనిపిస్తారు. ఇందులో ఏమీ తెలియదు. ముంచినప్పుడు ఫీడ్ చారల్లో అవసరానికి మించి సిరా నిండి ఉంటుంది కాబట్టి ఎంత పనికిరాని పెన్నైనా మొదటి నాలుగు లైన్లు ధారాళంగా రాస్తుంది. అసలు సంగతి ఆ నిల్వ అయిపోయాక బయటపడుతుంది. పాయలు విడిపోయినప్పుడు వాటి మధ్య సిరా పొర నిలవాలి. ఫీడ్ సరిపడా అందించకపోతే ఆ పొర తెగి, మధ్యలో తెల్లగా వదిలేసి రెండంచుల్లో రెండు గీతలు పడతాయి. రైల్‌రోడింగ్ అనేది దీన్నే. అందుకే మళ్ళీ ముంచకుండా కనీసం పది లైన్లు, అదీ మామూలు వేగంతో రాయాలి. దుకాణంవాళ్ళ మొహాలు మాడతాయి, మాడనివ్వండి. రాసేది వాళ్ళ ప్యాడ్ మీద కాదు, మన నోటుబుక్కులో. వాళ్ళ కాగితం మీద ఏ సిరా అయినా ముద్దొస్తుంది. మన మామూలు నోటుబుక్కులో లావు గీత వెంట్రుకలు వెంట్రుకలుగా పాకుతుంది, వెనక పేజీలోకి దిగుతుంది. నా అనుభవంలో కాగితం బరువు 80 జీఎస్ఎమ్ లోపున్న మన నోటుబుక్కులు ఫ్లెక్స్ పాళీకి తట్టుకున్నవి అరుదు. మంచి బాండ్ కాగితం కాస్త నయం.

ఇంకో సంగతి, నాకైతే ఇదే అన్నిటికన్నా ముఖ్యం: తెలుగులో రాసి చూడండి. ఇంగ్లీషు కలిపిరాత కోసం పుట్టిన పాళీలివి. అక్కడ కిందికి దిగే గీత లావు, పైకెక్కే గీత సన్నం, అక్షరాలన్నీ ఆ లెక్కకి లొంగుతాయి. మన అక్షరాలు తాటాకు మీద గంటంతో గీసినవి, లావు సన్నం అన్న లెక్కే లేకుండా గుండ్రంగా తిరిగాయి. 'ర' రాస్తే సున్నా ఎడమ పక్క కిందికి దిగుతుంది, కుడి పక్క పైకి ఎక్కుతుంది. పైన తలకట్టు చిన్నగా దిగి పొడుగ్గా పైకి లేస్తుంది. పైకి లేచేటప్పుడు ఏ మాత్రం బరువు పడినా విచ్చుకున్న సన్నని మొన కాగితంలో గుచ్చుకుంటుంది, పీచు చీలికలో ఇరుక్కుంటుంది, అక్కడి నుంచి గీత అలుక్కుపోతుంది. ఇరుక్కున్న పీచుని పల్చటి ఇత్తడి రేకుతో లాగెయ్యాలి, గోరుతో కాదు. నేను ప్రతి పెన్నుతోనూ రాసింది ఒక్కటే మాట, 'శ్రీ రాజమహేంద్రవరం'. శ్రీలో గుడి దీర్ఘం, కిందికి తిరిగే రావత్తు, హేంద్రలో ఒత్తు, చివరి సున్నా, ఒక పాళీకి ఉండగల అవస్థలన్నీ అందులోనే తెలిసిపోతాయి. ఎడమచేతివాటం వాళ్ళు తోసుకుంటూ రాస్తారు కనుక వాళ్ళకి ఈ తరహా పాళీ నేనైతే చెప్పను.

ఈ పరీక్షలో ఏవి నెగ్గాయో చెప్తాను. మోంట్‌బ్లాంక్ 149 కాలిగ్రఫీ, 2019లో వచ్చినది, 18 కేరట్ల పాళీ. సిరా అందించడంలో వంక పెట్టలేం, పిస్టన్‌తో నింపుకునే పెన్ను కనుక సిరా కూడా దండిగా పడుతుంది. కానీ లావుపాటి పెన్ను, మన ఒత్తుల్లాంటి చిన్న మలుపుల్లో చెయ్యి మొద్దుబారినట్టుంటుంది. ధర ఆరంకెలు. మూత మీది తెల్ల నక్షత్రానికి ఎంత, పాళీకి ఎంత అని విడగొట్టి చెప్పేవాడు లేడు. పైలట్ కస్టమ్ హెరిటేజ్ 912లో ఎఫ్ఏ పాళీ, 14 కేరట్లది, భుజాలు రెండు వైపులా కోసి ఉంటాయి. వీటన్నిట్లో ఎక్కువ విచ్చుకునేది ఇదే, పైగా ధర మోంట్‌బ్లాంక్‌లో ఒక మూలకి రాదు. దీని రోగమల్లా ఫీడే. నింపాదిగా రాస్తే ముత్యాలు, చెయ్యి జోరందుకుంటే ఏడో లైను నుంచి పట్టాలు. ధారాళంగా కారే ఇరోషిజుకు లాంటి సిరాతో కొంత సర్దుకుంటుంది. ఎబొనైట్ ఫీడ్ వేయించుకునేవాళ్ళు అందుకే వేయించుకుంటారు. ఎబొనైట్ ప్లాస్టిక్‌లా సిరాని తోసెయ్యదు, తడి బాగా పట్టుకుంటుంది. వేడినీళ్ళలో మెత్తబరిచి పాళీకి అతుక్కునేలా నొక్కుకోవచ్చు కూడా. ఫీడ్ మాత్రమే సుమా. ఎబొనైట్ పెన్ను ఒంటికి వేడినీళ్ళు తగిలితే నలుపు కాస్తా ముదురాకుపచ్చలోకి దిగిపోతుంది. ఇటలీవాళ్ళ స్క్రిబో ఫీల్ ఫ్యాక్టరీ నుంచే ఎబొనైట్ ఫీడ్‌తో వస్తుంది. 2016లో ఓమాస్ అనే పెన్నుల కంపెనీ మూతపడ్డాక బొలోనాలో ఆ మనుషులే పెట్టిన కంపెనీ ఇది. దాని 14 కేరట్ల ఫ్లెక్స్ పాళీ మన గుండ్రాల్లో ఎక్కడా తగులుకోలేదు. నచ్చింది, మనసు పడ్డాను, ధర చీటీ తిప్పి చూసి మళ్ళీ పెట్టెలో పెట్టించాను.

చివరికి తీసుకున్నది ఫాల్కనే. ఫుల్ ఫ్లెక్స్ అని కాదు, కాదు కనుకనే. తెలుగు రోజువారీ రాతకి ఆ కొంచెం మెత్తదనమే ఎక్కువ, అంతకు మించి విచ్చుకునేది పెళ్ళి శుభలేఖల మీద పేర్లకే గానీ పేజీ రాతకి పనికిరాదు. రెసిన్ అనే ప్లాస్టిక్‌ది తేలిక, లోహపుది బరువు. నాది రెసిన్‌ది. బిల్లులో మోడల్ పేరుతో పాటు పాళీ గుర్తు కూడా రాయించుకోండి. ఎస్ఈఎఫ్ (సాఫ్ట్ ఎక్స్‌ట్రా ఫైన్), ఎస్ఎఫ్, ఎస్ఎమ్ (సాఫ్ట్ మీడియం) వేరువేరు పాళీలు, పెట్టెల మీద చీటీలు మారిపోయే రకాలు.

ఒళ్ళు మండించిన సంగతి ఇంకొకటుంది. రెసిన్ ఫాల్కన్‌లో కాన్-70 కన్వర్టర్, అంటే సీసాలోంచి సిరా పీల్చుకునే పెద్ద గొట్టం, పట్టదు. పట్టే కాన్-40లో పడేది 0.4 మిల్లీలీటర్లు. మెత్తని పాళీ తాగే సిరాకి అది రెండు ఉత్తరాలకి కూడా రాదు. ఇంత పెట్టి కొన్న పెన్నుకి ఉన్న ఉపాయం ఏమిటంటే, కంపెనీ సిరా నింపి ఇచ్చే కార్ట్రిడ్జి ఖాళీ అయ్యాక కడిగి, సిరంజితో సీసాలోంచి నింపుకోవడం. అందులో దాదాపు 0.9 మిల్లీలీటర్లు పడుతుంది. అంతకన్నా ముందు, కొత్త పెన్నుని గ్లాసు నీళ్ళలో ఒక్క చుక్క గిన్నెలు తోమే లిక్విడ్ వేసి ఐదారుసార్లు పీల్చి వదిలించాలి, తర్వాత ఉత్త నీళ్ళతో కడగాలి. తయారీలో మిగిలిన జిడ్డు ఫీడ్‌లో ఉంటే సిరా ఆగి ఆగి వస్తుంది, జనం పాళీని తిడతారు. నాంపల్లి స్టేషన్ ఎదురుగా మందుల షాపులో రెండు మిల్లీలీటర్ల సిరంజి అడిగితే, "సూది కూడానా?" అని ఎగాదిగా చూశాడు షాపతను. సూది కూడా కావాలి. మొన గరుకు రాయి మీద అరగదీసి మొద్దు చేసుకుంటే కార్ట్రిడ్జికి చిల్లు పడదు.