రిఫరెన్స్ లిస్టులో ఇంటిపేరు తిరగబడకూడదు

మా విజయనగరంలో ఎంఏ, పీహెచ్‌డీ చేసే పిల్లలకి పనికొచ్చేలా ఒక రిఫరెన్స్ సాఫ్ట్‌వేర్, అంటే థీసిస్ చివర వచ్చే ఆధార గ్రంథాల లిస్టు తయారుచేసిపెట్టేది, రాస్తున్నాం, నేనూ ఇంకో ఇద్దరు స్నేహితులూ. సాయంత్రాలూ ఆదివారాలూ దీనికే పోతున్నాయి. ఈ సంగతి ఎవరికి చెప్పినా ముందు అడిగేది ఒకటే: జొటేరో ఉంది కదా, ఫ్రీ కూడానూ, మళ్లీ ఇదెందుకు?

జొటేరో కూడా ఇలాంటి లిస్టులు చేసిపెట్టే సాఫ్ట్‌వేరే, అదంటే నాకు గౌరవం. 2006లో జార్జ్ మేసన్ యూనివర్సిటీలోని సెంటర్ ఫర్ హిస్టరీ అండ్ న్యూ మీడియా వాళ్ల పూనికతో బయటికొచ్చింది, ఓపెన్ సోర్స్, ఎవరి దగ్గరా పైసా తీసుకోకుండా వాడుకోవచ్చు. ఇంగ్లిష్ జర్నల్ పేపర్లే చదివే ఇంజనీరింగ్ పిల్లలు అడిగితే ఇప్పటికీ అదే వాడమంటాను. ఆన్‌లైన్లో ఒక్కో పేపర్‌కీ విడిగా ఇచ్చే డీఓఐ నంబరు కొడితే చాలు, రచయిత పేరు, శీర్షిక, సంవత్సరం, పేజీలు అన్నీ వాటంతటవే వచ్చేస్తాయి. తెలుగు, చరిత్ర, జానపదం చేసేవాళ్ల సంగతి అలా కాదు. వాళ్ల చేతిలో ఉండేది అట్ట ఊడిన పుస్తకం, వారపత్రిక బైండు, ఎవరో జిరాక్స్ తీసిచ్చిన వ్యాసం. వాటికి డీఓఐ ఎక్కడిది? ప్రతిదీ చేత్తో కొట్టుకోవాల్సిందే, అలా కొట్టేటప్పుడే మన పేర్లు పాడవుతాయి.

ఎలాగో చెప్తాను. 1985 నాటి బిబ్‌టెక్ అనే రిఫరెన్స్ ప్రోగ్రాం ఉంది కదా, పేరు మధ్యలో కామా పెట్టకపోతే చివరి మాటే ఇంటిపేరు అనుకుంటుంది. ఇంగ్లిష్ వాళ్ల పేర్లకి అది సరే. గురజాడ అప్పారావు అని కొడితే అప్పారావు ఇంటిపేరైపోయి, గురజాడ పొడి అక్షరంగా మిగులుతుంది. మొదటిసారి ఇది చూసిన శ్రీకాకుళం కుర్రాడొకడు "ఏటన్నా ఇది, గురజాడని ఇలా తిరగేసీసింది?" అన్నాడు. గురజాడ బతికిన ఊళ్లో కూర్చుని, "అప్పారావు, గ." అని అచ్చు వేయించి గైడు చేతిలో పెట్టడానికి నాకు మనసొప్పదు.

ఆ "గ." సంగతి కూడా చూడండి. గురజాడకి పొడి అక్షరం "గు." కావాలి. "మొదటి అక్షరం తీసుకో" అని ప్రోగ్రాంకి చెప్తే అది గకారాన్ని తీసుకుని కొమ్ముని వదిలేస్తుంది, ఎందుకంటే కంప్యూటర్లో అక్షరాలకి నంబర్లిచ్చే యూనికోడ్ పద్ధతిలో కొమ్ముకి విడిగా ఇంకో నంబరు ఉంటుంది. శ్రీనివాసరావు అయితే ఇంకా కష్టం. మన కంటికి "శ్రీ" ఒక్క అక్షరం, కంప్యూటర్‌కి నాలుగు ముక్కలు: శ, పొల్లు, ర, దీర్ఘం. అందుకే మా దాంట్లో పొడి అక్షరం తీసే పనికి ప్రత్యేకంగా కోడ్ రాశాం. ఒత్తులూ గుణింతాలూ కలుపుకుని అక్షరం పూర్తయ్యేదాకా కోత పడదు.

ఇంటిపేరు విషయంలో మేం పెట్టుకున్న నియమం ఒక్కటే, సాఫ్ట్‌వేర్ ఊహించకూడదు, అడగాలి. ఇంటిపేరుకి ఒక పెట్టె, పేరుకి ఒక పెట్టె, పుస్తకం మీద ఎలా అచ్చయిందో ఉన్నదున్నట్టు రాసుకోడానికి మూడోది. నాలుగోది కలంపేరు. ఇది లేకపోతే మన సాహిత్యంలో పని జరగదు. చాసో అంటే చాగంటి సోమయాజులు, రావిశాస్త్రి అంటే రాచకొండ విశ్వనాథశాస్త్రి. ఒక పుస్తకం మీద ఒక పేరు, ఇంకో సంకలనంలో ఇంకో పేరు ఉంటే మామూలు సాఫ్ట్‌వేర్ వాళ్లని ఇద్దరు మనుషులని లెక్కేసి లిస్టులో చెరో చోట పెడుతుంది. మా దాంట్లో రెండు పేర్లూ ఒకే మనిషికి ముడిపడి ఉంటాయి, లిస్టులో ఏది కనపడాలో విద్యార్థి ఎంచుకుంటాడు.

వరస కూడా మనదే ఉండాలి. యూనికోడ్ నంబర్లలో ళ వచ్చి వ కంటే ముందుంది, మనం బళ్లో నేర్చుకున్న వరసలో హ తర్వాత. ఉత్త నంబర్ల ప్రకారం పేరిస్తే కాళ్ళకూరి వారు కాశీనాథుని వారికంటే ముందొస్తారు, రావలసింది తర్వాత. చిన్న విషయమే అనొచ్చు. కానీ యాభై పేజీల గ్రంథసూచిలో ఒక పేరు ఉండాల్సిన చోట లేకపోతే వెతికేవాడు లేదనుకుని వెళ్లిపోతాడు.

ఈ పని చేస్తున్నకొద్దీ శ్రీకాకుళం కథానిలయం మీద నాకు గౌరవం పెరుగుతోంది. కాళీపట్నం రామారావు మాస్టారు 1997లో దాన్ని మొదలుపెట్టారు. ఒక కథ ముందు ఏ పత్రికలో, ఏ తేదీన అచ్చయింది, తర్వాత ఏ సంపుటిలో చేరింది అనే వివరాలు పోగుచేసే పని అక్కడ జరిగింది. రిఫరెన్స్ అంటే అదే కదా! మన పిల్లలు చాలామంది సంపుటి సంవత్సరమే రాసి వదిలేస్తారు. కథ వారపత్రికలో వచ్చిన పదేళ్లకో ఇరవయ్యేళ్లకో సంపుటి వచ్చి ఉంటే, ఆ రచయిత ఏ కాలం గురించి రాశాడన్నదే తారుమారైపోతుంది. అందుకని కథ అనే రకం ఎంచుకోగానే "తొలి ప్రచురణ" అనే పెట్టె ముందు తెరుచుకునేలా పెట్టాం. కన్యాశుల్కం సంగతీ అంతే. 1897 నాటి మొదటి కూర్పు వేరు, 1909లో బాగా పెంచి తిరగరాసిన రెండో కూర్పు వేరు. ఏ కూర్పో చెప్పకుండా పేజీ నంబరు ఇస్తే దాంతో ఎవరికీ ఉపయోగం లేదు.

పాత పుస్తకాలకి ఇంకో చిక్కు. కొన్నిటి మీద ప్రభవ, విభవ అని తెలుగు సంవత్సరమే ఉంటుంది. అరవై ఏళ్లకోసారి అదే పేరు తిరిగొస్తుంది కాబట్టి ప్రభవ అంటే 1867 కావచ్చు, 1927 కావచ్చు, పైగా ఉగాదికి మొదలవుతుంది కాబట్టి ఇంగ్లిష్ లెక్కలో రెండేళ్ల మీద పడుతుంది. మా సాఫ్ట్‌వేర్ వీలున్న సంవత్సరాలన్నీ చూపించి ఊరుకుంటుంది. ముద్రణాలయం పేరో, పీఠికలో సంతకం కింద తేదీయో చూసి తేల్చాల్సింది విద్యార్థే. తేల్చాక కూడా పుస్తకం మీదున్న "ప్రభవ" చెరిగిపోదు, పక్కనే ఉంటుంది. అలాగే శ్రీముఖలింగం, శ్రీకూర్మం శాసనాల మీద పనిచేసేవాళ్లకి పేజీ కంటే సంపుటం, శాసనం నంబరు ముఖ్యం కాబట్టి శాసనాన్ని విడి రకంగా పెట్టాం.

లైబ్రరీలో పుస్తకం తిరిగిచ్చేశాక ప్రచురణ వివరాల కోసం తంటాలు పడని పరిశోధక విద్యార్థిని నేనింకా చూడలేదు. అందుకే ఫోన్‌లో ముఖపత్రం, దాని వెనక పేజీ, నోట్సు రాసుకున్న పేజీ, మూడూ ఫోటో తీస్తే ఒకే ఎంట్రీ కింద ఉండిపోయేలా చేశాం. టైపింగ్ తర్వాత తీరిగ్గా చేసుకోవచ్చు.

యూజీసీ 2018 నియమాల్లో థీసిస్‌కి వేరేవాళ్ల రాతలతో పోలిక పది శాతం దాటితే చర్య ఉంటుందని ఉంది కాబట్టి, పిల్లలకి రిఫరెన్స్ అంటే ఆ శాతం టెన్షనే. ఆ భయాన్ని చూపించి మా సాఫ్ట్‌వేర్ వాడమని చెప్పడం నాకిష్టం లేదు. మనకి ఎవరి దగ్గర్నుంచి ఏం అందిందో చెప్పడం మర్యాద, అందుకోసం వాడాలి.

ఆ మర్యాద అన్నిటికంటే ఎక్కువ దక్కాల్సినవాళ్లకే దక్కకపోవడం నన్ను బాగా బాధపెడుతుంది. తప్పెటగుళ్ల మీదో జముకుల కథ మీదో పనిచేసే అమ్మాయి ఊళ్లకి వెళ్లి, పెద్ద కళాకారుడి దగ్గర కూర్చుని, ఆయన పాడింది, చెప్పింది అంతా రికార్డు చేసుకొస్తుంది. థీసిస్‌లో సగం బలం అదే. కానీ రిఫరెన్సులు రాయడానికి చాలామంది వాడే ఏపీఏ పద్ధతిలో పాఠకుడు తిరిగి చూడలేని సంభాషణని వాక్యం మధ్యలో బ్రాకెట్లో చెప్పాలే తప్ప, చివరి లిస్టులో చేర్చకూడదు. అంటే ఆయన గురించి రాసిన ప్రొఫెసర్ పేరు లిస్టులో ఉంటుంది, ఆయన పేరు ఉండదు. దీన్ని నేను ఒప్పుకోను. మా దాంట్లో "మౌఖిక ఆధారం" అని విడి రకం ఉంది: కళాకారుడు తన పేరు ఎలా చెప్పుకుంటే అలా, ఊరు, మండలం, తేదీ, రికార్డు చేసిందెవరు, రికార్డింగ్ ఎక్కడుంది, పేరు వేయడానికి ఆయన ఒప్పుకున్నారా లేదా. గ్రంథసూచి తర్వాత వీటికి విడి శీర్షికతో జాబితా వస్తుంది. జర్నల్‌కి పంపేటప్పుడు అక్కర్లేదంటే తీసేయొచ్చు, మామూలుగా మాత్రం ఉంటుంది.

మిగిలిన పెద్ద పని డీటీపీ సెంటర్ది. థీసిస్‌లు ఇంకా యూనికోడ్ కాని అను ఫాంట్లలో, పేజ్‌మేకర్‌లో కొట్టించేవాళ్లు ఉన్నారు. మన యూనికోడ్ లిస్టు తీసుకెళ్లి అక్కడ పేస్ట్ చేస్తే ప్రశ్నార్థకాలు వస్తాయి, దాంతో ఆపరేటర్ మొత్తం మళ్లీ కొడతాడు, కష్టపడి సరిచేసుకున్న పేర్లలో మళ్లీ తప్పులు పడతాయి. అను ఫాంట్లలో పలికే అక్షరానికి కాక, కంటికి కనిపించే ముక్కలకి కోడ్ ఉంటుంది కాబట్టి మార్పిడి సులువు కాదు, ఒత్తు కింద ఒత్తు వచ్చే చోట్ల మాది ఇంకా తడబడుతోంది. టెక్కలి, పాలకొండ, బొబ్బిలి వైపు డీటీపీ చేసేవాళ్లు ఎవరైనా ఇది చదువుతుంటే, మీకు తరచూ తప్పొచ్చే మాటలు ఒక కాగితం మీద రాసి ఫోటో తీసి పంపండి, ముందు వాటి పనే పడతాం.