ఆ ఇంటి షరతులు
జేపీ డెలానీ 2017లో తెచ్చిన 'ది గర్ల్ బిఫోర్' నవల చదివాక టెన్షన్ ఇంకా తగ్గలేదు. లండన్‌లో ఒక ఆర్కిటెక్ట్ కట్టిన ఇల్లు, అద్దె తక్కువే, కానీ పుస్తకాలు పెట్టుకోకూడదు, కర్టెన్లు వేయకూడదు, నేల మీద ఏదీ పడి ఉండకూడదు అంటూ బోలెడు షరతులు, పైగా ఇల్లే మనల్ని ప్రశ్నలు అడుగుతూ ఉంటుంది. ముందు ఎమ్మా, తర్వాత జేన్ అందులో దిగుతారు. ఒకరిది దొంగలు పడ్డ భయం, ఇంకొకరిది బిడ్డను పోగొట్టుకున్న దుఃఖం. మొదట్లో ఆ కట్టడి వాళ్లకు హాయిగా ఉంటుంది చూడండి, నాకు అక్కడే వణుకు పుట్టింది. దెబ్బతిన్న మనిషికి అన్నీ ఎవరో ఒకరు నిర్ణయించేస్తే బాగుండు అనిపిస్తుంది కదా, రచయిత సరిగ్గా ఆ బలహీనతనే పట్టుకున్నాడు. ముగింపు మాత్రం నాకు కాస్త హడావుడిగా అనిపించింది.