ఖోడద్‌లో ఒక పగలు: మన వైపు తిరగని పల్సర్లు

పుణే నుంచి నాసిక్ రహదారి మీద సుమారు ఎనభై కిలోమీటర్లు ప్రయాణించి నారాయణగావ్‌లో బస్సు దిగేసరికి ఉదయం తొమ్మిది దాటింది. టమాటాల మార్కెట్టును వెనక వదిలి, ద్రాక్షతోటల మధ్య ఇరుకుదారిన ఖోడద్ వైపు జీపు మళ్లగానే పంటచేల మీదుగా తెల్లని గిన్నె ఒకటి, కాసేపటికి మరొకటి కనిపించాయి. ఆ రోజు ఫిబ్రవరి 28, జాతీయ విజ్ఞాన దినోత్సవం. జి.ఎం.ఆర్.టి. (జెయింట్ మీటర్‌వేవ్ రేడియో టెలిస్కోప్) అనే రేడియో టెలిస్కోపును చూడటానికి బడిపిల్లలు గుంపులు గుంపులుగా వస్తున్నారు. నేను మాత్రం హైదరాబాదు నుంచి ఒకే ఒక సందేహాన్ని మోసుకుని వెళ్లాను. మన పాలపుంతలో పల్సర్లు, అంటే తిరుగుతూ క్రమం తప్పక రేడియో స్పందనలు పంపే మృత నక్షత్రాలు, పదుల వేల సంఖ్యలో ఉండాలని అంచనా వేస్తున్నప్పుడు, ఇంతవరకు కనుగొన్నవి కొన్ని వేలే ఎందుకున్నాయి?

లోపలికి వెళ్లే ముందు ఫోన్లు ఆపించారు. ఒక్కొక్కటి 45 మీటర్ల వ్యాసం గల ముప్పై ఆంటెన్నాలలో పద్నాలుగు మధ్యభాగంలో దగ్గర దగ్గరగా ఉండగా, మిగిలిన పదహారు మూడు దిక్కులకు చీలి, మొత్తం మీద పాతిక కిలోమీటర్ల మేర పరచుకుని ఉన్నాయి. రేడియో ఖగోళ శాస్త్రవేత్త గోవింద్ స్వరూప్ బృందం రూపొందించిన ఈ గిన్నెలకు రేకు పలకలు లేవు. బిగించిన తాళ్ల మీద సన్నని ఉక్కుతీగల వల మాత్రమే ఉంది కనుక, కింద నిలబడి చూస్తే వల గుండా ఆకాశం కనిపిస్తుంది, గాలి కూడా అడ్డు లేకుండా పోతుంది. ఇన్ని చిల్లులున్న జల్లెడలో తరంగాలెలా నిలుస్తాయని నా పక్కనున్న పెద్దాయన అడిగారు. ఇక్కడ పట్టే తరంగాల పొడవు ఇరవై సెంటీమీటర్లకు పైనే ఉంటుందని, చిల్లుల వెడల్పు అందులో పదోవంతుకు మించదు కాబట్టి వాటికి ఈ వల గోడతో సమానమని అక్కడి పరిశోధక విద్యార్థి ఒకరు వివరించారు. నా సందేహాన్ని కూడా ఆ విద్యార్థి ముందుంచాను.

పల్సర్‌ను లైట్‌హౌస్‌తో పోల్చడం పరిపాటి. విశాఖలో పెరిగినవాడిని కాబట్టి డాల్ఫిన్స్ నోస్ మీది దీపం నాకు చిన్ననాటి నుంచి పరిచయమే. అయితే ఆ పోలిక సగమే నిజమని ఆ రోజు తెలిసింది. లైట్‌హౌస్ వెలుగును ఓడలకు అందేలా సముద్రమట్టానికి సమాంతరంగా అమరుస్తారు. పల్సర్ అనేది న్యూట్రాన్ నక్షత్రం, అంటే పేలిపోయిన పెద్ద నక్షత్రం మిగిల్చిన గట్టి గోళం; అది ఎవరి కోసమూ తిరగదు. దాని అయస్కాంత ధ్రువాల నుంచి వెలువడే రేడియో పుంజం భ్రమణాక్షానికి ఏటవాలుగా ఉండి, ఆకాశంలో ఒక సన్నని పట్టీని మాత్రమే తుడుస్తూ పోతుంది. భూమి ఆ పట్టీలో పడకపోతే ఎంత పెద్ద టెలిస్కోపుకైనా ఆ పల్సర్ అందదు. నెమ్మదిగా తిరిగే పల్సర్ల పుంజం మరీ సన్నం కనుక, వాటిలో పదింట ఎనిమిదికి పైగా మనకు ఇలాగే తప్పిపోతాయని అంచనా.

మన వైపు తిరిగినవైనా అన్నీ చిక్కవు. నక్షత్రాల మధ్యనున్న ఎలక్ట్రాన్ల వల్ల తక్కువ పౌనఃపున్యాలు ఆలస్యంగా చేరి స్పందన చెదిరిపోతుంది. దూరం తెలియని పల్సర్‌కు ఆ ఆలస్యమెంతో కూడా తెలియదు కాబట్టి కంప్యూటర్లు వేల ఊహలు చేసి సరిచూస్తాయి. దీనికి మందు ఉంది గానీ, తరంగాలు అనేక దారుల్లో వంకరలు తిరిగి వచ్చి స్పందనకు తోకలా సాగే పరిక్షేపణానికి మాత్రం మందు లేదు. పౌనఃపున్యం రెట్టింపైతే ఆ తోక సుమారు పదహారో వంతుకు తగ్గుతుంది, కానీ పౌనఃపున్యం పెరిగేకొద్దీ పల్సర్లు మసకబారుతాయి. ఈ ఇరకాటం ఖోడద్‌కు బాగా తెలుసు, ఎందుకంటే ఇక్కడి బలం తక్కువ పౌనఃపున్యాలలోనే ఉంది. జంట నక్షత్రంతో కలిసి తిరిగేవి మరో చిక్కు. కక్ష్యలో వేగం మారేకొద్దీ స్పందనల మధ్య విరామమూ మారుతుంది కనుక వాటి కోసం ప్రత్యేకంగా వెదకాలి. అయినా 2004లో ఎన్.జి.సి. 1851 నక్షత్రగుచ్ఛంలో, బాగా సాగిన కక్ష్యలో తిరిగే మిల్లీసెకను పల్సర్‌ను, అంటే కొన్ని మిల్లీసెకన్లకే ఒక చుట్టు తిరిగేదాన్ని, ఇక్కడే పట్టారు.

కొన్ని పల్సర్లు వారాల తరబడి ఏ స్పందనా పంపకుండా ఊరుకుంటాయి. 76 సెకన్లకొకసారి తిరిగే పల్సర్ ఒకటి 2022లో బయటపడింది. అంత తాపీగా వచ్చే స్పందనలు మన విద్యుత్తు తీగల, ఫోన్ల రొదలో తేలికగా కలిసిపోతాయి. గేటు దగ్గర ఫోను ఆపినప్పుడు లోలోపల విసుక్కున్నందుకు అప్పుడు సిగ్గుపడ్డాను.

బయలుదేరే ముందు, ఇప్పుడు కనబడని పల్సర్ ఎప్పటికైనా కనబడుతుందా అని అడిగాను. జె 1906+0746 అనే పల్సర్ అక్షం, తోడు నక్షత్రం వల్ల వంగిన స్థలకాలంలో మెల్లగా ఒరుగుతోందని, దాని పుంజం 2028 నాటికి భూమిని తప్పి, మళ్లీ 2070 తర్వాతే ఎదురుపడుతుందని లెక్కగట్టారని ఆ పరిశోధక విద్యార్థి చెప్పారు. అప్పటికి మీరు రిటైరైపోతారు కదా అన్నాను. ఆయన నవ్వి, తన వెనక ఆంటెన్నా వైపు తలలెత్తి చూస్తున్న ఐదో తరగతి పిల్లలను చూపించారు.