పెదనాన్న మార్క్ 2, సింధు మార్క్ 2

దాదాపు యాభై ఏళ్ల తేడా ఉన్న రెండు డైవింగ్ రెగ్యులేటర్లను, అంటే సిలిండరు గాలి ఒత్తిడి తగ్గించి డైవర్‌కి అందించే పరికరాలను, ఇవాళ ఒకే బల్ల మీద విప్పి చూశాను. లోపల పనిచేసే సరుకు రెండింట్లోనూ అదే. ఒక పిస్టన్, ఒక స్ప్రింగు, ఒక సీటు బిళ్ల, గాలి కారకుండా ఆపే కొన్ని రబ్బరు ఓ-రింగులు. ఇంత తక్కువ సామానుతో మనిషి నీళ్లలో ఊపిరి తీసుకోగలుగుతున్నాడన్న ఆలోచన పొద్దున్నుంచీ నన్ను వదల్లేదు.

పాతది పెదనాన్నది. ఆయన నేవీలో డైవర్. కొచ్చిలోని డైవింగ్ స్కూల్లో నేర్చుకున్నారు. రిటైరయ్యాక కొన్నేళ్లు ఓడల అడుగులు గోకి శుభ్రం చేసే పనులకు వెళ్లారు. ఆ రోజుల్లో సెకండ్ హ్యాండులో కొనుక్కున్న సొంత సామాను ఇది, 1970ల నాటి స్కూబాప్రో మార్క్ 2. కొత్తది అన్నయ్య కూతురు సింధుది. రుషికొండలో డైవింగ్ నేర్చుకుని అదే కంపెనీ మార్క్ 2 ఈవో కొనుక్కుంది. తాతయ్యది కూడా వాడొచ్చా అన్నది దాని ప్రశ్న. అందుకని వైజాగ్ నుంచి అద్దె సిలిండరు ఒకటి కారులో వేసుకుని వచ్చింది. ఆదివారం కాబట్టి మా విజయవాడ ఆటోనగర్‌లో బేరాలు లేవు. పటమట నుంచి పెదనాన్నని బండి మీద తీసుకొచ్చి షాపులో ఫ్యాను కింద కూర్చోబెట్టాను.

నేను చేసేది ఆటోలకీ కార్లకీ సీఎన్జీ కిట్లు బిగించే పని. సిలిండరులో గ్యాసు 200 బార్ల దగ్గర ఉంటుంది (ఒక బార్ అంటే దాదాపు మన చుట్టూ ఉండే గాలి ఒత్తిడంత). దాన్ని తగ్గించి, ఇంజను పీల్చినప్పుడు పీల్చినంతే ఇవ్వాలి. డైవింగ్ సిలిండరులోనూ అదే 200 బార్లు, అక్కడ పీల్చేది మనిషి. ఈ పోలిక నేను కల్పించింది కాదు. 1942లో జర్మన్ల ఆక్రమణలో ఉన్న పారిస్‌లో పెట్రోలుకి కరువొచ్చి కార్లను గ్యాసుతో నడిపేవాళ్లు. ఎయిర్ లిక్విడ్ కంపెనీలో ఎమిల్ గన్యాన్ అనే ఇంజనీరు ఆ కార్ల కోసం ఒక రెగ్యులేటరు తయారుచేశాడు. ఆ ఏడాది చివర్లో ఫ్రెంచి నేవీ అధికారి ఝాక్ కూస్తో వచ్చి అడిగితే, దాన్నే నీళ్లలో ఊపిరికి పనికొచ్చేలా మార్చారు. 1943లో ఆక్వాలంగ్ అనే స్కూబా పరికరం, అంటే వీపున సిలిండరుతో నీళ్లలో ఊపిరి తీసుకునేది, అలా పుట్టింది. అంటే స్కూబాకి మూలం మా కులవృత్తే! ఈ సంగతి తెలిసినప్పటి నుంచీ నాకు ఈ వస్తువు మీద ప్రేమ ఎక్కువైంది.

సిలిండరు గాలి ఒక సన్నటి రంధ్రం గుండా రెగ్యులేటరు లోపలికొస్తుంది. ఆ రంధ్రానికి మూత సీటు బిళ్ల, దాని వెనక పిస్టన్. స్ప్రింగూ, స్ప్రింగు గదిలోకి చేరే నీటి ఒత్తిడీ కలిసి పిస్టన్‌ని తెరిచే వైపు నెడతాయి. లోపలికొచ్చిన గాలి పిస్టన్ కాడ మధ్యలోని బెజ్జం గుండా పెద్ద తల వెనక్కి చేరి మూసే వైపు నెడుతుంది. చుట్టూ ఉన్న నీటి ఒత్తిడి కంటే 9, 10 బార్లు ఎక్కువయ్యే దగ్గర రెండు బలాలూ సరితూగి మూత పడుతుంది. పీల్చగానే మళ్లీ తెరుచుకుంటుంది. ప్రతి 10 మీటర్ల లోతుకీ నీరు మరో బార్ తోస్తుంది, గాలీ అంత పెరుగుతుంది. మధ్యలో మనిషి తిప్పాల్సిన నాబ్ ఒక్కటీ లేదు.

ముందు కొత్తదాన్ని సిలిండరుకి తగిలించి, లో ప్రెషర్ పైపుకి గేజ్ బిగించాను. సూది తొమ్మిదిన్నర దాటి నిలబడిపోయింది. పాతదానికి బిగిస్తే తొమ్మిది దగ్గర ఆగినట్టే ఆగి, మెల్లగా పైకి పాకడం మొదలెట్టింది. పది, పదిన్నర, పదకొండు. అప్పుడు నోట్లో పెట్టుకునే సెకండ్ స్టేజ్ దానంతటదే బుస్సుమని గాలి వదిలేసింది. సింధు ఉలిక్కిపడింది. పెదనాన్న మాత్రం కుర్చీలోంచి కదలకుండా, "సీటు పోయిందిరా అబ్బాయ్, విప్పు" అన్నారు. ఒత్తిడి మితిమీరితే గాలి బయటికి పోయేలాగే సెకండ్ స్టేజ్‌లోని వాల్వు తయారవుతుంది. పాడైనా గాలి ఆగదు, ఎక్కువ వస్తుంది. ఆ ఏర్పాటు పాతదాంట్లోనూ ఉంది, కొత్తదాంట్లోనూ ఉంది.

విప్పడానికి ఒళ్లు హూనమైంది. స్ప్రింగు గది బెజ్జాల్లో ఎప్పటిదో సముద్రపు ఉప్పు రాయిలా బిగుసుకుపోయి ఉంది. గోరువెచ్చని నీళ్లలో కాస్త నిమ్మ ఉప్పు కలిపి అందులో వేస్తే బుడగలొచ్చి, ఇత్తడి మీది పచ్చటి చిలుము కరిగింది. ఎక్కువసేపు ఉంచితే క్రోమ్ పూత లేచిపోతుంది, కాబట్టి పక్కనే కూర్చుని చూసుకుంటూ తీశాను. పిస్టన్ కొసన శనగబద్దంత సీటు బిళ్ల. భూతద్దం పెట్టి చూస్తే దాని మీద గుండ్రంగా ఒక గాడి, రంధ్రం అంచు ఏళ్ల తరబడి అక్కడే కూర్చుని వేసిన అచ్చు. ఒక చోట ఆ గాడి అంచు వెంట్రుకంత పగిలి ఉంది. గాలి పాకుతున్నది అక్కడే. బిళ్లను తీసి తిరగేస్తే రెండో వైపు నున్నగా ఉంది. తిప్పి పెట్టి, సిలికాన్ గ్రీజు రాసి బిగించాను. ఇది పరీక్ష కోసం మాత్రమే. ఇన్నేళ్ల బిళ్లతో, ఇన్నేళ్ల ఓ-రింగులతో మనిషిని నీళ్లలోకి పంపకూడదు.

ఈసారి సూది నిలబడింది. ఆ తర్వాత సిలిండరులో 50 బార్లు మిగిలే దాకా గాలి వదిలి రెండింటినీ మళ్లీ చూశాను. రెండిట్లోనూ ఒత్తిడి ఒక బార్ పైచిలుకు పడిపోయింది. ఈ రకం రెగ్యులేటరులో సిలిండరు గాలి కూడా సీటుని తెరిచే వైపే తోస్తుంది. సిలిండరు ఖాళీ అయ్యేకొద్దీ ఆ తోపు తగ్గి, మూత తొందరగా పడిపోతుంది. పీలుపు కాస్త బరువెక్కుతుంది. ఖరీదైన బ్యాలెన్స్‌డ్ రకాల్లో ఈ తేడా ఉండదు. సింధు దీన్ని లోపం అంటుంది. పెదనాన్న ఒప్పుకోలేదు. "మాకు గేజ్ ఎక్కడిదే తల్లీ? పీలుపు బిగుసుకుందంటే గాలి అయిపోవచ్చిందని కబురు. అది చెప్పకుండా నున్నగా వచ్చి ఒక్కసారిగా ఆగిపోతే ఏం చేస్తావు?" అన్నారు. నాకు ఆయన మాటలో నిజం కనబడింది. ఇన్నేళ్లయినా కంపెనీ ఈ సాదా పిస్టన్‌ని వదలకపోవడానికి ముఖ్య కారణం చవక, మరమ్మతు సులువు. అయినా డైవర్‌కి ముందే తెలియజెప్పే ఆ గుణం కూడా తక్కువది కాదు.

కొత్తదాంట్లో మార్చినవాటిలో ఒకదాని అవసరం మన వైపు రాదు. గాలి ఒత్తిడి తగ్గేటప్పుడు చల్లబడుతుంది. 10 డిగ్రీల కంటే చల్లని నీళ్లలో లోపల మంచు కట్టి పిస్టన్ ఇరుక్కోవచ్చు. అలా కాకుండా ఈవోలో అదనపు ఏర్పాట్లు చేశారు. మన సముద్రం అంత చల్లబడే ప్రసక్తే లేదు. సెకండ్ స్టేజ్ ప్లాస్టిక్‌దైంది, తేలిక కాబట్టి దవడ నొప్పి పుట్టదు. పాత ఇత్తడి డబ్బా బరువే. కానీ మనం వదిలే ఊపిరిలోని తేమ ఆ చల్లటి లోహానికి పట్టి, తర్వాత పీల్చే పొడిగాలిని కాస్త తడుపుతుంది. నోరు ఎండిపోదని పెదనాన్న దాన్ని తెగ మెచ్చుకున్నారు. ఆ మెప్పు న్యాయమే.

అసలు మార్పు రెగ్యులేటరు బయట జరిగింది. పెదనాన్న తొలిరోజుల్లో సిలిండరుకి జె-వాల్వు ఉండేది. సుమారు 300 పీఎస్ఐ, అంటే 20 బార్లు, మిగలగానే లోపలి స్ప్రింగు గాలిని ఆపేస్తుంది. డైవర్ వెనక్కి చెయ్యి పెట్టి కడ్డీ లాగితే ఆ మిగిలింది వస్తుంది, అదే పైకి రావడానికి. దిగేటప్పుడే ఏ తాడుకో తగిలి కడ్డీ కిందికి పడిపోతే ఆ సంగతి అడుగుకి వెళ్లాక గానీ తెలియదు. తన జతగాడికి అలా జరగడం ఆయన కళ్లారా చూశారు. ఎదురుగా గేజ్, పక్కవాడికి ఇవ్వడానికి రెండో సెకండ్ స్టేజ్, ఈ రెండూ వచ్చాక ఎన్ని ప్రాణాలు నిలబడి ఉంటాయో! పాతవన్నీ మంచివనే మాట ఇక్కడ నేను ఒప్పుకోను. 2024 సెప్టెంబరు వరదలో ప్రకాశం బ్యారేజీ గేట్లకి అడ్డంపడ్డ పడవల్ని కోయడానికి డైవర్లు దిగినప్పుడు పెదనాన్న రోజంతా టీవీ ముందు నుంచి లేవలేదు. ఆ బురదనీళ్లలో పక్కనున్నవాడి చెయ్యి కూడా కనబడదని ఆయనకి తెలుసు.

తాతయ్యదానికి గేజ్ పెట్టేద్దామని సింధు తన గేజ్ పైపు తీసి హై ప్రెషర్ రంధ్రంలో తిప్పబోయింది. మర పట్టలేదు. పాతవాటిలో హై ప్రెషర్ రంధ్రమూ, లో ప్రెషర్ రంధ్రమూ ఒకే కొలత, 3/8 అంగుళం. పొరపాటున లో ప్రెషర్ పైపుని 200 బార్ల రంధ్రానికి బిగిస్తే పైపు పగిలిపోతుంది. తర్వాత హై ప్రెషర్ రంధ్రాన్ని 7/16 అంగుళానికి పెంచారు. ఇక తప్పుగా బిగించాలన్నా కుదరదు. నాకు బాగా నచ్చిన మార్పు ఇదే. దీనికి కొత్త పిస్టన్ అక్కర్లేదు, కొత్త లోహం అక్కర్లేదు, మర కొలత మారిస్తే చాలింది.

రెండు కొలతల మధ్య అడాప్టరు కావాలి. పక్క వీధి లేత్ మేస్త్రీ అరగంటలో తీసిస్తానన్నాడు. ఆయన చేతిపనికి వంక లేదు గానీ, 200 బార్ల దగ్గర ప్రాణం ఆధారపడే ముక్క పరీక్షించి అమ్మేదే అయ్యుండాలి. వద్దన్నాను. అడాప్టరూ, సీటు కిట్టూ, కొత్త పైపులూ తెప్పిస్తున్నాం. ఇత్తడి సెకండ్ స్టేజ్ మాత్రం మార్చొద్దని పెదనాన్న షరతు. అన్నీ వచ్చాక మళ్లీ బిగిస్తాను. నిండు సిలిండరు మీద సూది పాకకుండా నిలబడితేనే సింధు చేతికిస్తానని ఇద్దరికీ చెప్పేశాను.